కొట్టు నడిపేవాళ్లు, రొయ్యల గుంటలు వేసేవాళ్లు ఈ ఏడాది పన్ను లెక్క ఎలా వేసుకోవాలి

కావలిలో మా నాన్న కిరాణా కొట్టు నడిపిన రోజుల్లో, రాత్రి తలుపులు వేసేముందు గల్లాపెట్టె మొత్తం గుడ్డ మీద బోర్లించి లెక్కపెట్టేవాడు. ఆ రోజు బేరం ఎంత, అప్పు పెట్టింది ఎంత, టోకు కొట్టుకి ఇచ్చింది ఎంత అని చిట్టాలో రాసిన తర్వాతే ఇంటికి వచ్చేవాడు. ఇప్పుడు కొట్టు మా అన్న చూస్తున్నాడు. గల్లాలో నోట్లు తగ్గి ఫోన్లో మోగే డబ్బు పెరిగింది. చిట్టా మాత్రం ఆగిపోయింది. అడిగితే "అంతా బ్యాంకులోనే ఉంది కదా" అంటాడు.

బ్యాంకుకి తెలిసేది డబ్బు వచ్చిందని మాత్రమే. అందులో బేరం తాలూకు ఎంత, బావమరిది ఇచ్చిన చేబదులు ఎంత, పాడుకున్న చీటీ డబ్బు ఎంత అన్నది దానికి తెలియదు. ఆ తేడా చెప్పగలిగేది మీరొక్కరే. చెప్పలేకపోతే వచ్చినదంతా బేరమేనని అనుకుంటారు. నేను నెల్లూరులో చిన్న వ్యాపారుల పద్దులు రాస్తాను. నా దగ్గరికి నోటీసులు పట్టుకొని వచ్చేవాళ్లలో దొంగ లెక్కలవాళ్లు తక్కువ, అసలు లెక్కే రాయనివాళ్లు ఎక్కువ. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. వరసగా చేసుకుంటూ పోండి. మీకు పనికిరాని మెట్టు వస్తే దాటేయండి.

మొదటి పని: కొట్టు డబ్బు, ఇంటి డబ్బు వేరుచేయండి

కొట్టు ముందు అతికించిన క్యూఆర్ కోడ్ ఏ ఖాతాకి వెళ్తోందో ఈరోజే చూడండి. చాలామందిది సొంత సేవింగ్స్ ఖాతాకే వెళ్తుంటుంది. వ్యాపారానికి ఒక కరెంట్ అకౌంట్ తెరిచి, క్యూఆర్ కోడ్ దానికి మార్చుకోండి. ఇంటి ఖర్చులకి నెలకి ఇంత అని అందులోంచి సేవింగ్స్ ఖాతాకి పంపుకోండి. చేబదుళ్లు, చీటీ డబ్బు, బిడ్డల ఫీజుల కోసం బంధువులు పంపేవి సేవింగ్స్ ఖాతాలోకే రావాలి.

2025 జూలైలో కర్ణాటకలో ఏం జరిగిందో గుర్తుందా? యూపీఐలో వచ్చిన డబ్బు ఆధారంగా అక్కడి వాణిజ్య పన్నుల శాఖ చిన్న వ్యాపారులకి జీఎస్టీ నోటీసులు పంపింది. కూరగాయలు, పాలు అమ్ముకునేవాళ్లకి కూడా వెళ్లాయి. ఆ సరుకుల మీద పన్నే లేదు. కానీ ఖాతాలో పడిన డబ్బు కూరగాయలదా, సిగరెట్లదా అన్నది చూపించాల్సిన భారం వ్యాపారి మీద పడింది. భయపడి "ఫోన్‌పే లేదు, నగదే ఇవ్వండి" అని బోర్డు పెట్టడం దానికి మందు కాదు. ఎందుకో ఆదాయపు పన్ను దగ్గర చెబుతాను. ఫోన్లో వచ్చిన డబ్బుకి చట్టం తక్కువ లాభం లెక్కగడుతుంది.

సేవింగ్స్ ఖాతాల్లో ఏడాదికి 10 లక్షలు, కరెంట్ ఖాతాల్లో 50 లక్షలు దాటి నగదు జమ అయితే బ్యాంకు ఆదాయపు పన్ను శాఖకి తెలియజేస్తుంది. ఇందులో దాపరికం ఏమీ లేదు, మీరూ చూసుకోవచ్చు. ఆదాయపు పన్ను ఈ-ఫైలింగ్ పోర్టల్లోకి మీ పాన్‌తో వెళ్లి ఏఐఎస్ అనే వార్షిక సమాచార పత్రం తెరవండి. బ్యాంకు వడ్డీ, నగదు జమలు, కొన్న స్థలాలు, కోసిన టీడీఎస్ (డబ్బు ఇచ్చేవాళ్లే ముందుగా కోసి కట్టే పన్ను) అన్నీ అందులో ఉంటాయి. మీది కానిది కనిపిస్తే అక్కడే "ఇది నాది కాదు" అని తెలియజేయడానికి మీట ఉంది. రిటర్న్ వేసేముందు ఏఐఎస్ చూడకపోవడం, పరీక్షకి ప్రశ్నపత్రం చేతికిచ్చినా చదవకుండా వెళ్లడం లాంటిది.

రెండో పని: ఏడాది మొత్తం బేరం కట్టండి

ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా మీ అమ్మకం ఎంత? లాభం సంగతి తర్వాత, ముందు అమ్మకం. మూడు వరుసలు గీయండి: ఫోన్లో, బ్యాంకులో వచ్చింది. నగదుగా వచ్చింది. ఇంకా రావలసిన అప్పు. ఒకే పాన్ మీద కావలిలో కొట్టు, కందుకూరులో ఇంకో కొట్టు ఉంటే రెండూ కలిపి కట్టాలి. పన్ను లేని విడి బియ్యం, కూరగాయలు, పాలు కూడా ఈ మొత్తంలోకి వస్తాయి. జీఎస్టీ పరిమితి చూసేటప్పుడు వాటిని తీసేసి లెక్కపెట్టేవాళ్లు చాలామంది పొరబడుతున్నారు. మీరు అమ్మేవన్నీ పన్ను లేని సరుకులే అయితే మాత్రం ఎంత బేరమైనా జీఎస్టీ నంబరు అక్కర్లేదు.

మూడో పని: జీఎస్టీ నంబరు కావాలా, వద్దా

ఆంధ్రప్రదేశ్‌లో సరుకులు మాత్రమే అమ్మేవాళ్లకి పరిమితి ఏడాదికి 40 లక్షలు. పక్క తెలంగాణలో 20 లక్షలే. అందుకే హైదరాబాద్‌లో ఉన్న చుట్టాలు చెప్పే లెక్క మనకి వర్తించదు. సేవలు చేసేవాళ్లకి ఇక్కడ కూడా 20 లక్షలే. మరి సెల్‌ఫోన్లు అమ్ముతూ రిపేర్లు కూడా చేసే కొట్టు? బట్టలు అమ్ముతూ కుట్టించి ఇచ్చే కొట్టు? సరుకుతో పాటు సేవ కూడా కలిసింది కాబట్టి 20 లక్షలే వర్తిస్తుంది. ఇటుకల బట్టీ పెట్టినవాళ్లకి, ఐస్‌క్రీం తయారు చేసేవాళ్లకి కూడా 40 లక్షల వెసులుబాటు లేదు. పరిమితి దాటిన రోజు నుంచి 30 రోజుల్లోపు దరఖాస్తు చేయాలి.

పరిమితితో పని లేకుండా మొదటి రూపాయి నుంచే నంబరు కావలసిన సందర్భం ఒకటుంది, అది సరుకు రాష్ట్రం దాటించడం. నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల ఆడవాళ్లు ఇంట్లో పచ్చళ్లు పెట్టి, పిండివంటలు చేసి వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకొని కొరియర్లో పంపుతున్నారు. ఎంత చక్కగా చేస్తున్నారో నేను కళ్లారా చూస్తున్నాను. కానీ చెన్నై, బెంగళూరు వేరే రాష్ట్రాలని గుర్తుపెట్టుకున్నవాళ్లు కూడా హైదరాబాద్ సంగతి మరిచిపోతారు. 2014 నుంచి అది మనకి వేరే రాష్ట్రం. అమీర్‌పేటలో ఉన్న కోడలికి ఆవకాయ పంపడం వ్యాపారం కాదు. అదే అమీర్‌పేటలో డబ్బిచ్చి కొనేవాళ్లకి పంపితే అది అంతర్రాష్ట్ర అమ్మకం. దానికి జీఎస్టీ నంబరు తప్పనిసరి. పచ్చళ్ల మీద పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5కి తగ్గింది కాబట్టి ఇదివరకంత బరువు ఉండదు. విజయవాడ, తిరుపతి, విశాఖ వరకే పంపుతుంటే 40 లక్షల దాకా నంబరు అక్కర్లేదు.

రైతు తన పొలంలో పండించినది అమ్ముకుంటే జీఎస్టీ నంబరుతో పనిలేదు. పొదలకూరు మార్కెట్లో నిమ్మకాయలు వేసే రైతుకీ, టంగుటూరు, కొండపి, పొదిలి వేలం కేంద్రాల్లో పొగాకు చెక్కులు (బేళ్లు) పెట్టే రైతుకీ అంతే. పొగాకు ఆకు మీద పన్ను ఉన్నా, రైతు దగ్గర కొన్న వ్యాపారే అది కట్టాలి.

నంబరు తీసుకోవడానికి ప్రభుత్వానికి కట్టే రుసుము ఏమీ లేదు. పాన్, ఆధార్, ఫోటో, కొట్టు కరెంటు బిల్లు లేదా పన్ను రసీదు, అద్దెదైతే అద్దె ఒప్పందం, బ్యాంకు వివరాలు ఉంటే సరిపోతుంది. ఇతర వ్యాపారులకి అమ్మే సరుకు మీద మీరు వేసే పన్ను నెలకి రెండున్నర లక్షలు దాటదంటే, 2025 నవంబరు 1 నుంచి వచ్చిన సులువు పద్ధతి ఎంచుకోవచ్చు. ఆధార్ ధ్రువీకరణ అయితే మూడు పనిదినాల్లో నంబరు వస్తుంది.

నాలుగో పని: కాంపోజిషనా, మామూలు పద్ధతా

మీ దగ్గర కొనేవాళ్లు ఇళ్లవాళ్లే అయితే, బేరం కోటిన్నర లోపైతే, సరుకు రాష్ట్రం దాటకపోతే నా మాట కాంపోజిషన్‌కే, అంటే అమ్మకం మీద ఒకే చిన్న శాతం కట్టే పద్ధతికే. చిల్లర వ్యాపారికి 1 శాతం, మద్యం లేని హోటల్‌కి 5 శాతం, 50 లక్షల లోపు సేవలు చేసేవాళ్లకి 6 శాతం. చిల్లర వ్యాపారి ఆ 1 శాతాన్ని పన్ను పడే సరుకుల అమ్మకం మీదే కడతాడు, విడిగా తూచి అమ్మిన బియ్యం, కందిపప్పు అందులో కలపనక్కర్లేదు. మూడు నెలలకొకసారి, ఆ మూడు నెలలు అయ్యాక వచ్చే నెల 18లోపు చలానా. ఏడాదికి ఒక్క రిటర్న్, జూన్ 30లోపు.

దీనికి షరతులున్నాయి. కొనేవాళ్ల దగ్గర పన్ను విడిగా వసూలు చేయకూడదు. కొన్న సరుకు మీద కట్టిన పన్ను వెనక్కి తీసుకోవడం కుదరదు. బిల్లు మీద, కొట్టు బోర్డు మీద కాంపోజిషన్ వ్యాపారి అని రాయాలి. వచ్చే ఏడాదికి ఇందులోకి మారాలంటే మార్చి 31లోపే పోర్టల్లో తెలియజేయాలి. ఏప్రిల్ 2న గుర్తొస్తే ఏడాది ఆగాల్సిందే.

మీరు ఇతర వ్యాపారులకి టోకుగా అమ్ముతుంటే మామూలు పద్ధతే మేలు. నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో టోకు వ్యాపారి కాంపోజిషన్‌లో ఉంటే అతని దగ్గర కొన్న చిల్లర కొట్టువాళ్లకి పన్ను వెనక్కి రాదు, కాబట్టి వాళ్లు పక్క షాపుకి పోతారు. మామూలు పద్ధతిలో బేరం 5 కోట్ల లోపైతే మూడు నెలలకొకసారి రిటర్న్ వేసే వీలుంది. కానీ పన్ను మాత్రం మొదటి రెండు నెలలకి నెలనెలా కట్టాలి, వచ్చే నెల 25లోపు. రిటర్నే కదా తర్వాత వేద్దాంలే అని వదిలేసినవాళ్లకి ఒక మాట: గడువు దాటి మూడేళ్లయిన జీఎస్టీ రిటర్న్‌ని పోర్టల్ ఇక తీసుకోదు.

ఇంకో చిక్కు అద్దె. మీ కొట్టు గది యజమానికి జీఎస్టీ నంబరు లేక, మీకు ఉంటే, 2024 అక్టోబరు 10 నుంచి ఆ అద్దె మీద 18 శాతం మీరే కట్టాలి. మామూలు పద్ధతిలో ఉంటే అది మళ్లీ మీ పన్నులో సర్దుబాటు అవుతుంది. కాంపోజిషన్ వాళ్లకి సర్దుబాటు లేక భారమయ్యేది, తర్వాత 2025 జనవరిలో వాళ్లని దీని నుంచి తప్పించారు.

ఐదో పని: బిల్లులో శాతాలు సరిచూడండి

2025 సెప్టెంబరు 22 నుంచి 12, 28 శాతాల అంతస్తులు దాదాపుగా పోయాయి. ఎక్కువ సరుకులు 5లోకి, 18లోకి వచ్చాయి. కొన్ని మాత్రం 40లోకి వెళ్లాయి. నెలలు గడిచినా పాత శాతాలతో బిల్లు కొట్టే కంప్యూటర్లు నాకు ఇంకా కనిపిస్తున్నాయి. ఎక్కువ వసూలు చేస్తే అది మీకు మిగలదు, వసూలు చేసినదంతా ప్రభుత్వానికి కట్టాల్సిందే. పైగా కొనేవాడితో మాట పడాలి.

కిరాణాలో బిస్కెట్లు, చాక్లెట్లు, ఒంటి సబ్బు, షాంపూ, తలనూనె, పళ్ల పేస్టు 18 నుంచి 5కి వచ్చాయి. నెయ్యి, వెన్న, మిక్చర్ లాంటివి 12 నుంచి 5కి. బట్టలు ఉతికే పొడి 18లోనే ఉంది. కూల్‌డ్రింకులు 40. పిల్లల నోటు పుస్తకాలు, పెన్సిళ్లు, రబ్బర్ల మీద ఏమీ లేదు. రెడీమేడ్ బట్టలు ఒక్కోటి 2500 దాకా 5, ఆ పైన 18. పెళ్లి బట్టలు అమ్మేవాళ్లు ఈ గీత దగ్గర జాగ్రత్త. ఉదయగిరి చెక్క గరిటెలు, స్పూన్లు 12 నుంచి 5కి తగ్గాయి. సిమెంటు 28 నుంచి 18కి, ట్రాక్టరు 12 నుంచి 5కి.

బియ్యం సంగతి విడిగా చెప్పాలి. 2022 జూలై 18 నుంచి 25 కిలోల దాకా పేరు ముద్రించి కట్టిన బస్తాకి 5 శాతం ఉంది, ఆ బరువు దాటితే లేదు. మన మార్కెట్లో 26 కిలోల బస్తా ఎందుకు పుట్టిందో ఇప్పుడు అర్థమై ఉంటుంది. మీరు 26 కిలోల బస్తా విప్పి కిలో, రెండు కిలోలుగా తూచి అమ్మితే పన్ను లేదు. అదే బియ్యాన్ని మీ కొట్టు పేరు వేసిన 5 కిలోల సంచుల్లో కట్టి పెడితే 5 శాతం పడుతుంది.

చీమకుర్తి వైపు గ్రానైటు బ్లాకు 12 నుంచి 5కి తగ్గింది. కోసి మెరుగుపెట్టిన పలకలు 18లోనే ఉన్నాయి. చిన్న పాలిషింగ్ యూనిట్లవాళ్లు దీన్ని తగ్గింపని సంబరపడి నెలాఖరున తడబడుతున్నారు. బ్లాకు కొన్నప్పుడు కట్టేది తగ్గింది కాబట్టి సర్దుబాటుకి చేతిలో ఉండేది కూడా తగ్గింది. పలకల మీద 18 వసూలు చేసి, పాత రోజుల కన్నా ఎక్కువ నగదు చలానాలో కట్టాలి. ఆ తేడా డబ్బు అమ్మినరోజే పక్కన తీసిపెట్టండి.

ఇంట్లోవాళ్లు విడిగా తీసుకున్న జీవిత బీమా, ఆరోగ్య బీమా ప్రీమియం మీద కూడా అదే రోజు నుంచి జీఎస్టీ లేదు. ఈసారి రసీదు వచ్చినప్పుడు ఆ గడి చూడండి.

ఆరో పని: ఆదాయపు పన్ను

2026 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి చట్టం స్థానంలో 2025 ఆదాయపు పన్ను చట్టం వచ్చింది. సెక్షన్ల అంకెలు మారాయి, "అసెస్‌మెంట్ ఇయర్" అనే మాట పోయి "ట్యాక్స్ ఇయర్" వచ్చింది. కంగారు పడకండి. 2026 మార్చి 31తో ముగిసిన ఏడాది ఆదాయానికి పాత చట్టం ప్రకారమే రిటర్న్. అందుకే కింద పాత అంకెలే వాడుతున్నాను.

కొత్త విధానంలో 4 లక్షల దాకా పన్ను లేదు. 4 నుంచి 8 లక్షలకి 5 శాతం, 12 దాకా 10, 16 దాకా 15, 20 దాకా 20, 24 దాకా 25, ఆపైన 30. మొత్తం ఆదాయం 12 లక్షలు మించకపోతే 60 వేల దాకా పడిన పన్నుని రాయితీ కింద తీసేస్తారు. జీతగాళ్లకి 75 వేల ప్రామాణిక తగ్గింపు ఉంది కాబట్టి 12 లక్షల 75 వేల దాకా సున్నా. 12 లక్షల మీద కొద్దిగా దాటితే గుండె ఆగిపోనక్కర్లేదు. 12 లక్షల 10 వేలకి లెక్క ప్రకారం 61,500 పడాలి, కానీ దాటిన 10 వేలే పన్నుగా తీసుకుంటారు, దాని మీద సెస్సు 4 శాతం.

ఇక్కడే ఎక్కువమంది పొరబడుతున్నారు. "పన్నెండు లక్షల దాకా పన్ను లేదంటగా, మనకి రిటర్న్ ఎందుకు?" పన్ను సున్నా కావడం రాయితీ వల్ల. ఆ రాయితీ అడగాలన్నా రిటర్న్ వేయాలి. ఆదాయం 4 లక్షలు దాటితే రిటర్న్ తప్పనిసరి. దాటకపోయినా వ్యాపార అమ్మకం 60 లక్షలు దాటితే, ఏడాది కరెంటు బిల్లు లక్ష దాటితే, టీడీఎస్ 25 వేలు కోసి ఉంటే వేయాల్సిందే. గడువు దాటితే 5 వేలు, ఆదాయం 5 లక్షల లోపైతే వెయ్యి అపరాధ రుసుము.

వ్యాపారం చేసేవాళ్లు పెద్ద పద్దులు రాయకుండా లాభం అంచనాగా చూపే దారి సెక్షన్ 44ఏడీ. అమ్మకం 2 కోట్ల దాకా. నగదు 5 శాతం మించకపోతే 3 కోట్ల దాకా. ఫోన్లో, బ్యాంకులో వచ్చిన అమ్మకం మీద 6 శాతం, నగదు మీద 8 శాతం లాభంగా చూపాలి. నిజంగా అంతకన్నా ఎక్కువ మిగిలితే మిగిలినదే చూపాలి. ఒక కొట్టు అమ్మకం 90 లక్షలు, అందులో ఫోన్లో 60, నగదు 30 అనుకుందాం. 60కి 6 శాతం అంటే 3 లక్షల 60 వేలు, 30కి 8 శాతం అంటే 2 లక్షల 40 వేలు. మొత్తం ఆదాయం 6 లక్షలు, పడే పన్ను 10 వేలు, రాయితీతో సున్నా. ఈ 90 లక్షలూ నగదే అయితే ఆదాయం 7 లక్షల 20 వేలయ్యేది. క్యూఆర్ కోడ్ చింపేయొద్దన్నది ఇందుకే. కమీషన్, బ్రోకరు పనులు చేసేవాళ్లకి 44ఏడీ వర్తించదు. డాక్టర్లు, లాయర్లు, ఇంజనీర్లకి వేరే దారి ఉంది, 50 లక్షల ఫీజుల దాకా సగం ఆదాయంగా చూపవచ్చు. పది వరకు లారీలు ఉన్నవాళ్లకి బండి లెక్క: 12 టన్నులు దాటిన బండికి నెలకి టన్నుకి వెయ్యి, చిన్న బండికి నెలకి 7,500.

ఇక రొయ్యలు. దీని మీద కాస్త ఎక్కువసేపు కూర్చుంటాను. విడవలూరు, అల్లూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు నుంచి ఎవరొచ్చినా మొదటి మాట "మాది వ్యవసాయమే కదా సార్" అనే. వరి వ్యవసాయమే, నిమ్మ వ్యవసాయమే, పొగాకు పండించి బ్యారన్లో కాల్చడం కూడా వ్యవసాయమే. ఆ ఆదాయానికి పన్ను లేదు. రొయ్యల సాగు పన్ను చట్టం దృష్టిలో వ్యవసాయం కాదు. భూమిని దున్ని పండించినది కాదు కాబట్టి అది వ్యాపార ఆదాయం. పాల డెయిరీ, కోళ్ల ఫారం కూడా అంతే. నాకు బాగా కావలసిన ఒకాయన వెనామి రొయ్యల పట్టుబడి డబ్బుని ఏళ్ల తరబడి వ్యవసాయం గడిలో రాయించుకున్నాడు. రాసినవాడు ఒక్కసారి కూడా ప్రశ్నించలేదు. నోటీసు వచ్చినరోజు ఆయన ముఖం నాకు ఇంకా గుర్తుంది. దాచింది ఏమీ లేదు, ప్రతి రూపాయి బ్యాంకులోనే ఉంది, గడి ఒక్కటే తప్పు.

సరైన దారి కష్టమైంది కూడా కాదు. రెండు పంటలకి 60 లక్షల సరుకు పట్టుబడి, డబ్బంతా బ్యాంకులో పడితే 6 శాతం లెక్కన 3 లక్షల 60 వేలు ఆదాయం. ఇంకే ఆదాయమూ లేకపోతే పన్ను లేదు. పంట బాగా పండి నిజంగా 15 లక్షలు మిగిలితే 15 చూపి పన్ను కట్టాలి. తెల్లమచ్చ తెగులు తగిలి గుంట ఖాళీ అయిన ఏడాది మాత్రం ఆగి ఆలోచించండి. 44ఏడీలో నష్టం చూపడం కుదరదు. సీడు (రొయ్య పిల్లలు), మేత, కరెంటు, లీజు, కూలీల బిల్లులు దగ్గరుంటే పద్దులు రాయించి, ఐటీఆర్-3 అనే రిటర్న్ పత్రంలో గడువులోపల నష్టం చూపితే ఎనిమిదేళ్ల దాకా రాబోయే వ్యాపార లాభాల్లో సర్దుకోవచ్చు. అయితే ఒకసారి 44ఏడీలోకి వచ్చి, తర్వాత ఐదేళ్లలోపు బయటికి వెళ్తే మళ్లీ ఐదేళ్లపాటు రాలేరు. రొయ్య జూదం లాంటి పంటని మీకు తెలుసు, కాబట్టి మేత బిల్లులు పారేయకండి. ఏ ఏడాది ఎలా పోతుందో చెప్పలేం.

ఇదివరకు రిటర్న్ వేయనివాళ్లు, గడి తప్పు రాసినవాళ్లు నాలుగేళ్ల వెనక్కి దాకా సవరించి వేసే వీలుంది. ఆలస్యమైనకొద్దీ పడే పన్ను, వడ్డీ మీద 25, 50, 60, 70 శాతం అదనం. నోటీసు రాకముందే వెళ్లడం మేలు.

స్థలం అమ్మినవాళ్లు 12 లక్షల రాయితీని నమ్ముకోవద్దు. దీర్ఘకాల లాభం మీద పడే 12.5 శాతానికి ఆ రాయితీ వర్తించదు. పల్లెల్లోని వ్యవసాయ భూమి అమ్మితే పన్ను లేదు, కానీ నెల్లూరు, ఒంగోలు లాంటి లక్ష జనాభా దాటిన ఊళ్ల హద్దుకి 6 కిలోమీటర్ల లోపు పొలం పల్లె భూమి కిందికి రాదు. ఆ దూరం రోడ్డు వెంట కాదు, తిన్నని గీతలో కొలుస్తారు. 2024 జూలై 23కి ముందు కొన్నదైతే ధరల పెరుగుదల తీసేసి 20 శాతం కట్టే పాత దారి కూడా ఉంది, రెండూ వేసి చూసి తక్కువది ఎంచుకోండి.

ఏడో పని: నగదు గీతలు గోడ మీద రాసుకోండి

ఒకరి దగ్గర ఒక రోజులో, లేదా ఒకే లావాదేవీకి 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోకూడదు. తీసుకుంటే తీసుకున్నంతా జరిమానా, అదీ తీసుకున్నవాళ్లకే. గుంట గట్టు మీద కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలో) తేల్చి, ఏజెంటు సంచిలోంచి ఎనిమిది లక్షలు లెక్కపెట్టి ఇస్తుంటే చేయి చాచకండి, ఖాతాలో వేయమనండి. అప్పుగా తీసుకునేది 20 వేలు, ఆపైన నగదు కాకూడదు. వ్యాపార ఖర్చు ఒకరికి ఒక రోజులో 10 వేలు మించి నగదు ఇస్తే ఆ ఖర్చు లెక్కలోకి రాదు. లారీ కిరాయికైతే 35 వేలు.

భాగస్వామ్య సంస్థలు ఉన్నవాళ్లకి 2025 ఏప్రిల్ నుంచి కొత్త పని పడింది. భాగస్వామికి జీతం, వడ్డీ, కమీషన్ కలిపి ఏడాదికి 20 వేలు దాటితే 10 శాతం టీడీఎస్ కోయాలి. మన సొంత డబ్బే మనం తీసుకుంటున్నామని వదిలేయకండి.

ఎనిమిదో పని: తాళం చెవి మీ దగ్గర ఉంచుకోండి

జీఎస్టీ పోర్టల్లో, ఆదాయపు పన్ను పోర్టల్లో ఎవరి ఫోన్ నంబరు, ఎవరి ఈ-మెయిల్ ఉందో చూడండి. లెక్కలు రాసే అతని నంబరు ఉంటే ఇవాళే మార్పించండి. నోటీసులు ఇప్పుడు పోస్టులో ఇంటికి రావాలనేమీ లేదు, పోర్టల్లో పెడితే ఇచ్చినట్టే లెక్క. మా బంధువుల కొట్టుకి వచ్చిన నోటీసు వేరేవాళ్ల ఈ-మెయిల్‌లో నెలల తరబడి పడి ఉంది. వాళ్లకి తెలిసింది బ్యాంకు ఖాతా ఆగిపోయిన రోజున. అందుకని నెలకొకసారి, ఫలానా తారీఖు అని పెట్టుకొని, రెండు పోర్టల్లూ తెరవండి. జీఎస్టీలో నోటీసులు చూసే చోట్లు రెండున్నాయి, "అడిషనల్ నోటీసులు" అనే రెండోది కూడా తెరవాలి. నోటీసు వస్తే దాని మీద ఉన్న అంకెని పోర్టల్లో సరిచూసి అసలుదో కాదో తేల్చుకోండి. అసలుదైతే అందులో రాసిన తారీఖులోపు జవాబు పెట్టండి, సగం కాగితాలే దొరికినా సరే. ఎవరైనా ఫోన్ చేసి "ఇంత పంపితే మాఫీ చేయిస్తాం" అంటే పెట్టేయండి.

రిటర్న్ వేసిన తర్వాత ఆధార్ ఓటీపీతో 30 రోజుల్లో ధ్రువీకరించాలి. అది చేయకపోతే వేయనట్టే. గడువు చివరి వారం దాకా ఆగితే పోర్టల్ మొరాయిస్తుంది, ఆడిటర్ గారు ఫోన్ ఎత్తరు. 44ఏడీ అంచనా పద్ధతిలో ఉన్నవాళ్లకి పన్ను పడితే ముందస్తు పన్ను మార్చి 15లోపే ఒకే విడతగా కట్టాలి, ఈ ఏడాది దాటిపోయి ఉంటే వడ్డీతో సహా రిటర్న్‌కి ముందు చలానా కట్టేయండి.

మా అన్న పోయిన నెల నుంచి మళ్లీ చిట్టా మొదలుపెట్టాడు. రాత్రి తలుపులు వేసేముందు ఫోన్లో వచ్చింది ఒక వరుస, గల్లాలోది ఒక వరుస, అప్పు ఒక వరుస రాస్తాడు. అయిదు నిమిషాలు పడుతోందట.